తీరికవేళ కుమ్మరి పని



“కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అని మన పెద్దలు చెప్పుదురు. ఏడాది పొడుగున చేసిన కుండలన్నియు ఒక్క దెబ్బతో పెంకులగునని దాని తాత్పర్యము. ఈ సామెత వృత్తిగా కుండలు చేయువానిని చూచి పుట్టినది. కాని జీవనముకొఱకు గాక వేడుకకొఱకు మట్టి పట్టుకొనువారి విషయమున దీనికి మఱియొక తాత్పర్యము కూడ కలదు. అట్టివారికి, తాము చేసిన కుండను తామే పగులగొట్టుట చేతనైననాడు గాని ఈ విద్యలో ఓనమాలు రావు. ఇంట నొంటరిగా కూర్చుండి పనిచేయువానికి ఆ ధైర్యము కలుగుట కష్టము. పదిమంది కూడి ఒక్క ఆవములో కాల్చుకొను చోట అది తేలికగా అలవడును. అట్లేల యగునో నా యెఱిగినంతవఱకు మీకు విన్నవించుటయే నేటి ప్రసంగము.

నేను లెక్కలు వ్రాయు ఉద్యోగమున కొన్ని సంవత్సరములు న్యూజీలాండు దేశమున నుంటిని. మేమున్నది సముద్రతీరమున నొక చిన్న పట్టణము. సాయంకాలము అయిదుగంటలకే అంగళ్లు మూయుదురు. ఆపైన పరదేశికి ప్రొద్దు పోవుట కష్టము. మా ప్రక్కింటివాడు ఒక మంగళవారమునాడు నన్ను తన వెంట కుమ్మరి క్లబ్బునకు తీసికొనిపోయెను. చూచి వత్తమని పోయినవాడను అక్కడనే చిక్కుకొంటిని.

అది రేకుల కప్పుగల పొడుగాటి కొట్టము. లోపల ఎనిమిది సారెలు. గోడపొడుగున ఆఱుచున్న పాత్రలతో నిండిన చెక్క బల్లలు. వెనుక గదిలో విద్యుత్తుతో కాలు ఆవములు రెండు, పెరటిలో కట్టెలతో కాల్చు ఆవమొకటి. సభ్యులు సుమారు అఱువదిమంది. వారిలో బడిపంతులమ్మలున్నారు, లారీ తోలువాడున్నాడు, నర్సులున్నారు, పొలము కొడుకులకప్పగించిన ముసలి రైతులున్నారు. సంవత్సరమునకింత యని చందా. మట్టికి తూకము చొప్పున, కాల్పునకు పాత్ర ఆక్రమించిన చోటు చొప్పున సొమ్ము చెల్లింపవలెను. ఊడ్చుటకు, మట్టి కలుపుటకు, ఆవము నింపుటకు వంతులు కలవు. వంతు తప్పించుకొన్నవాని పేరు గోడమీది పలకపై నుండును. ఆ అఱువదిమందిలో కుండలమ్ముకొని బ్రతుకువాడు ఒక్కడును లేడు.

ఆ దేశమున చిన్న చిన్న పట్టణములందు సైతము ఇట్టి క్లబ్బులుండుటకు కారణము చరిత్రలో నున్నది. ఆ దేశపు మొదటి నివాసులగు మావోరీలు కఱ్ఱను, ఎముకను, పచ్చఱాతిని చెక్కుటలో గొప్ప నేర్పరులు. కాని వారికి కుండలు చేయు అలవాటు లేకుండెను. వారి పూర్వులు పసిఫిక్ ద్వీపములలో సుమారు 3,000 సంవత్సరముల క్రిందట కుండలు చేసిరి. లపీటా కుండలని వానికి పేరు. ద్వీపమునుండి ద్వీపమునకు తరలిపోవు కాలములో ఆ విద్య అంతరించెను. పిమ్మట వచ్చిన ఐరోపావారు ఇటుకలు, గొట్టములు, కార్ఖానా పాత్రలు చేసిరి. తండ్రి ప్రక్క కూర్చుండి కొడుకు నేర్చుకొను కుమ్మరి యిల్లు మాత్రము ఆ దేశమున లేకపోయెను. కావున నేర్వగోరినవాడు ఒక పుస్తకమునో, రాత్రి తరగతినో, తనవంటి మఱి నలుగురినో ఆశ్రయింపవలసివచ్చెను.

ఆ పుస్తకము 1940లో వెలువడినది. బెర్నార్డ్ లీచ్ అను ఆంగ్లేయుడు జపానులో కుమ్మరి పని నేర్చి, 1920లో హమాడా షోజీ అను జపాను మిత్రునితో ఇంగ్లండునకు వచ్చి, సెయింట్ ఐవ్స్ అను రేవుపట్టణమున ఆవము కట్టెను. తన అనుభవమును “ఏ పాటర్స్ బుక్” అను గ్రంథముగా వ్రాసెను. న్యూజీలాండులో నేర్వగోరినవారికి అది గురువైనది. వారిలో లెన్ కాసిల్ (1924–2011) సైన్సు చదివి, రాత్రి తరగతులలో మట్టి పట్టినవాడు. 1956లో సెయింట్ ఐవ్స్ పోయి లీచ్ కడ పనిచేసి వచ్చెను. బారీ బ్రికెల్ (1935–2016) కోరమాండల్ కొండలలో ఆవములు కట్టి, మట్టిని, కట్టెలను దింపుకొనుటకు తానే చిన్న రైలుమార్గము వేసికొన్నాడు. 1958లో హెలెన్ మేసన్ సంపాదకత్వమున “న్యూజీలాండ్ పాటర్” అను పత్రిక బయలుదేరెను. ఆ యేడే విదేశపు సరకుల దిగుమతిపై ఆంక్షలు బిగిసినవి. దానితో చేతితో చేసిన కప్పు, పళ్లెము అమ్ముడుపోసాగెను. వేడుకకు మొదలిడిన పలువురు వృత్తిలోనికి దిగిరి. 1962లో లీచ్, 1965లో హమాడా ఆ దేశమునకు వచ్చి వారిని చూచిరి.

1984 తరువాత ప్రభుత్వము ఆంక్షలు సడలించుటచే చౌక సరకు వెల్లువగా వచ్చెను. వృత్తిలో దిగినవారిలో పెక్కుమంది సారె నిలిపివేసిరి. క్లబ్బులు మాత్రము నిలువలేదు. లాభముకొఱకు పుట్టినవి కానందున లాభము పోయినప్పుడు వానికి పోవుటకేమియు లేకపోయెను.

ఇక పని సంగతి. బంకమట్టి రేణువులు పలుచని పలకలవంటివి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదువందలవ వంతుకన్న చిన్నది. పలకకు పలకకు నడుమ నీరుండుటచే అవి ఒకదానిపై నొకటి జాఱును. వ్రేలు నొక్కినచోట మట్టి నొక్కుకొని, వ్రేలు తీసిన పిమ్మట అట్లే నిలిచియుండుటకు ఇదియే కారణము. కొత్తగా చేరినవానికి మొదటి నెలలో ఇచ్చు పని మట్టిని పిసుకుట. తడి అంతట సమముగా పాఱువఱకు, నడుమ గాలి బుడగలు పోవువఱకు, రొట్టెపిండివలె దానిని త్రోయుచు మడచుచుండవలెను.

పిమ్మట సారె. తిరుగుచున్న సారెపై మట్టిముద్దను సరిగా నడిమికి తెచ్చుట మొదటి పరీక్ష. ముద్ద నడిమినుండి వెండ్రుకవాసి తొలగినను పాత్ర గోడ ఒకప్రక్క మందము, ఒకప్రక్క పలుచన యగును. పైకి లాగినకొలది ఆ వంకర పెరిగి తుదకు పాత్ర కూలును. కొత్తవాడు దానిని బలముతో నొత్తబోవును. బలముతో అది లొంగదు. మోచేతిని తొడకు ఆనించి, చేయి కదలకుండ నిలిపినచో, కదలుచున్న మట్టియే చేతికి తగినట్లు సర్దుకొనును. ఈ మాటలు నాకు చెప్పుటకు అరనిముసము పట్టినది. నా చేతికి తెలియుటకు మూడు నెలలు పట్టినది.

నాల్గవ నెలలో నాకొక గిన్నె నిలిచినది. అది చూచి నేను పొందిన సంతోషము చెప్పనలవి కాదు. ఆ క్లబ్బునకు పెద్దదిక్కుగా ఒక వృద్ధురాలుండెను. ముప్పది యేండ్లుగా సభ్యురాలు. ఆమె వచ్చి గిన్నె చుట్టును చూచి, సారెమీదినుండి కుండలు కోసి తీయు సన్నని తీగ నా చేతికిచ్చి, గిన్నెను నిలువుగా రెండు చెక్కలు చేయుమనెను. నేను తటపటాయించితిని. ఉంచుకొనదలచినచో ఉంచుకొనవచ్చును గాని, లోపల ఏమున్నదో ఆ గిన్నె నాకెన్నటికిని చెప్పదని ఆమె యనెను. కోసితిని. అంచు చక్కగానే యున్నది. నడుమ గోడ ఆకువలె పలుచన. అడుగున బొటనవ్రేలి లావు మట్టి. నేను చేసినది గిన్నె యని నేననుకొంటిని. తెగిన చెక్కను చూడగా అది ఒక దిమ్మపై నిలిపిన గొట్టము. నాటినుండి ప్రతి మంగళవారము మొదటి పాత్రను కోసి చూచుట నాకు నియమమైనది. నేనొక్కడనే కాదు, ప్రక్కసారెలవారును అట్లే కోయుచుండిరి. అందఱును కోయుచోట కోయుటకు బాధ తక్కువ. ఇంట నొంటరిగా నుండినచో ఆ మొదటి గిన్నె నేటికిని మా బల్లమీద నుండెడిది. నేనును అక్కడనే నిలిచిపోయి యుందును.

పాత్ర చేయుటతో పని తీఱదు. ఆఱుటయు పనిలో భాగమే. పలుచని అంచు ముందు ఆఱి కుదించుకొనును. మందపు అడుగు వెనుక ఆఱును. ఈ తేడాచే పాత్ర పగులును. కావున అంచుపై గుడ్డ కప్పి, పాత్రను బోర్లించి, ఆఱుట నెమ్మది చేయవలెను. పిడి అతికించునప్పుడు పిడియు పాత్రయు ఒకే తడిలో, అనగా తోలువలె గట్టిపడిన స్థితిలో నుండవలెను. ఆఱినదని తోచిన పాత్రను చెంపకు ఆనించి చూతురు. చల్లగా తగిలినచో లోపల తడి యింకను కలదు.

ఆ తడి సంగతి నాకు పుస్తకమువలన తెలియలేదు. రెండవ సంవత్సరమున నేనొక పెద్ద గిన్నె చేసితిని. అడుగు కొంచెము మందము. సెలవులకు ముందు ఆవము నింపుదురని తెలిసి, ఎవరికిని చూపక, “ఆఱినవి” అని చీటీ గల బల్లపై పెట్టితిని. చెంపకు చల్లగానే తగిలినది. నేను లక్ష్యపెట్టలేదు. శనివారము ఆవము తెఱచునప్పటికి నా గిన్నె లేదు. కుండలు ఆవములో పేలుటకు గాలి బుడగలు కారణమని పలువురనుకొందురు. నిజమైన కారణము నీరు. నీరు ఆవిరిగా మాఱునప్పుడు దాదాపు 1,700 రెట్లు పెరుగును. మందపు మట్టిలోనుండి ఆ ఆవిరి బయటపడుటకు దారి చాలక గోడను పగులగొట్టుకొని పోవును. నా గిన్నె ప్రక్కనే ఆ వృద్ధురాలు మనుమరాలి పెండ్లికని చేసిన మూతగల జాడీ యుండెను. నా పెంకు తగిలి మూత రెండు ముక్కలైనది.

నేను క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె కోపింపలేదు. ఫరవాలేదని కూడ అనలేదు. ఆవపు చిట్టా తెచ్చి నా యెదుట పెట్టి, జరిగినది నా చేతితోనే వ్రాయుమనెను. ప్రతి కాల్పునకును తేదీ, నింపినవారి పేర్లు, గంటగంటకు వేడి, పగిలినవి, బాగైనవి, అన్నియు వ్రాయు పుస్తకమది. తడి గిన్నె నాదియేననియు, తెలిసియు పెట్టితిననియు, దానివలన జాడీ మూత పగిలినదనియు వ్రాసి సంతకము చేసితిని. వెనుకటి పుటలు త్రిప్పి చూడగా అట్టి వ్రాతలు చాల నుండెను. వానిలో ఆమె సంతకముతో రెండు. తరువాతి వారము ఆవము నింపుటకు తనకు తోడు రమ్మని ఆమె నన్నే పిలిచెను.

మూత మరల చేయుట తేలిక కాదు. జాడీని, మూతను ఒకే మట్టితో, ఒకే దినమున చేసి, ఒకటిగా ఆఱబెట్టి, ఒకటిగా కాల్చినచో రెండును ఒకే విధముగా కుదించుకొని సరిపోవును. మట్టి తడిగా నున్నప్పటినుండి తుది కాల్పు వఱకు నూటికి పది పండ్రెండు వంతులు తగ్గును. జాడీ అప్పటికే ఒకసారి కాలినది. దానికి తడిమట్టితో మూత చేయవలెనన్నచో ముందు ముందు తగ్గుదలను లెక్కకట్టి పెద్దదిగా చేయవలెను. ఆ లెక్క నాకప్పగించెను. నేను లెక్క చూపగా ఆమె కొలతలలో కొంచెము కొంచెము తేడాగా నాలుగు మూతలు చేసెను. ఒకటి సరిపోయినది. పెండ్లినాటికి జాడీ అందినది.

పదిమంది కూడిన ఆవముయొక్క మహిమ ఇదియే. నా యింటి ఆవమైనచో నా గిన్నె పేలును, నేను విసుగుకొందును, అంతటితో సరి. ఉమ్మడి ఆవములో నా తొందరపాటునకు మఱియొకరి జాడీ బలియగును. అది తెలిసిన పిమ్మట చేయి దానంతట అదే జాగ్రత్తపడును. నా పనిలో నిజమైన మార్పు ఆ శనివారమునుండియే వచ్చినదని నాకిప్పుడు తోచుచున్నది.

ఆవము నింపుట నేర్చిన పిమ్మట కాల్చుట నేర్చితిని. నూఱు డిగ్రీల సెంటిగ్రేడు దాటువఱకు మిక్కిలి నెమ్మదిగా పోవలెను; మిగిలిన తడి అప్పుడు వెడలును. 450 మొదలు 600 డిగ్రీల నడుమ మట్టి రేణువులలో రసాయనికముగా కలిసియున్న నీరు వదలిపోవును. అటుపిమ్మట ఆ మట్టిని నీటిలో నెంత నానబెట్టినను మరల బురద కాదు, అది కుండయైనది. 573 డిగ్రీల వద్ద మట్టిలోని ఇసుకఱాయి, అనగా క్వార్ట్జు, రూపము మార్చుకొని తటాలున వ్యాకోచించును. చల్లారునప్పుడు అక్కడనే తటాలున సంకోచించును. ఆతురముతో వేడి ఆవము తలుపు తీసినవాని పాత్రలు టింగుమని పగులుట ఇందుచేతనే. తొలికాల్పు సుమారు వేయి డిగ్రీలతో ముగియును. పాత్రపై గాజుపూత పూసి కాల్చు మలికాల్పు, ఱాతివలె గట్టిపడు పాత్రలకు 1,200 మొదలు 1,300 డిగ్రీల వఱకు పోవును.

ఆ వేడిని కనిపెట్టుటకు యంత్రములున్నను, చిన్న శంకువులను కూడ ఆవములో నిలుపుదురు. ఇవి 1886లో హెర్మన్ సేగెర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పఱచినవి. ఒక్కొక్క అంకెగల శంకువు ఒక్కొక్క వేడికి మెత్తబడి తలవంచును. యంత్రము ఆ నిముసపు వేడిని మాత్రమే చెప్పును. వేడి యెంత, ఎంతసేపు, అను రెంటిని కలిపి మట్టి అనుభవించినదానిని శంకువు చెప్పును. ఆవపు తలుపులోని చిన్న రంధ్రమునుండి శంకువు వంగుటను చూచుటకు రాత్రి రెండుగంటలకు మేల్కొని కూర్చున్న దినములు నాకు మిక్కిలి ప్రియమైనవి.

గ్లేజు అను గాజుపూత మఱియొక శాస్త్రము. గాజగుటకు సిలికా, కరగించుటకు సున్నమో, ఫెల్డ్‌స్పారో, కట్టెబూడిదయో, కరగినది కారిపోకుండ పట్టి నిలుపుటకు కొంత బంకమట్టి: ఈ మూటి పాళ్లే దాని రహస్యము. కరగించునది ఎక్కువైనచో పూత క్రిందికి కారి పాత్రను అరకు అతికించును. ఆ అర క్లబ్బుది. ఉలితో గంటలకొలది గీకి శుభ్రము చేయవలసినవాడు మాత్రము పూసినవాడే. అందుచే ప్రతివాడును ముందు చిన్న మట్టిబిళ్లలపై పూసి, కాల్చి, అంకె వేసి, గోడకు వ్రేలాడదీయును. ఎవడు కనుగొన్న పాళ్లైనను అందఱికిని తెలియును. మా గోడపై అట్టి బిళ్లలు వందలకొలది యుండెను. కొత్తవాడు మొదటినాడే ఇరువదియేండ్ల అనుభవమునకు వారసుడగును.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలెను. సీసము కలిసిన పూతలు తక్కువ వేడికే కరగి మిసమిసలాడును. కాని సరిగా కుదరనిచో చింతపండు పులుసువంటి పుల్లని పదార్థము తగిలినప్పుడు సీసము ఆహారములోనికి దిగును, అది విషము. మా క్లబ్బులో సీసము నిషేధము. రెండవది ధూళి. ఎండిన మట్టిధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి నయము కాని వ్యాధి కలిగించును. కావున అచ్చట చీపురు లేదు. తడిగుడ్డతో, నీళ్లతో మాత్రమే శుభ్రము చేయుదురు.

క్లబ్బులో దోషములు లేవని నేననను. ఒకే తొట్టిలోని పూత పూయుటచే అందఱి పాత్రలును ఒకే గోధుమరంగున నుండును. స్నేహము మీఱినచోట విమర్శ నశించును. పదునైదు సంవత్సరములుగా ఒకే విధమగు కప్పు చేయుచు, ప్రతి వారము “చాల బాగున్నది” అనిపించుకొని సంతోషముగా ఇల్లు చేరువారిని చూచితిని. వేడుకకు వచ్చినవారిని తప్పుపట్టుటకు మనమెవరము? కాని పెరుగవలెనని కోరువానికి ఆ పొగడ్త దిమ్మవంటి అడుగే. దీనికి విరుగుడుగా మా క్లబ్బు రెండు పనులు చేసెడిది. సంవత్సరమునకొకసారి బయటి ఊరి కుమ్మరిని పిలిచి, ప్రదర్శనకు పాత్రలు ఏర్చు అధికారము ఆయనకే విడిచెడిది. నేను పంపిన ఆఱింటిలో మొదటి యేడు ఒక్కటియు తీసికొనలేదు. రెండవ యేడు ఒకటి తీసికొనిరి. ఇంకొకటి, ఒకే కొలతగల గిన్నెలు ఇరువది చేసి వరుసగా పెట్టుమనుట. మొదటిదానికిని ఇరువదియవదానికిని గల తేడా తన తప్పేమో వానికే చూపును.

అయిదవ సంవత్సరమున నాకు కొత్తవారికి నేర్పు వంతు వచ్చెను. ఒక కుఱ్ఱవాడు బలముతో మట్టిని నొత్తుచుండెను. మోచేతిని తొడకు ఆనించుమని చెప్పబోయి, నేను నా మోచేతిని ఎట్లు ఆనింతునో నాకే స్పష్టముగా తెలియదని గ్రహించితిని. నేర్పుటకు కూర్చుండి మరల నేర్చుకొంటిని.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట, నేను చేసిన కూజా ఒకటి తీసికొని గోదావరి ప్రాంతమున ఒక పల్లెలోని కుమ్మరి వృద్ధుని చూడబోయితిని. ఆయన కూజాను చేతిలో తూచి, లోపల వ్రేలు త్రిప్పి, మర్యాదగా నవ్వి, “మట్టి ఎక్కువండి బాబూ, నీళ్లకి చోటేదండీ?” అనెను. ఆపైన తన పని చూపెను. కఱ్ఱతో త్రిప్పిన బరువైన సారెపై కుండ మెడను, భుజమును తీర్చెను. గోడ మందముగానే విడిచి, అడుగు తెఱచియుండగనే కోసి తీసెను. కొంత ఆఱిన పిమ్మట లోపల ఱాతిగుండు పట్టి, బయట చెక్కతో తట్టుచు, ఆ మందమునే సాగదీసి అడుగు మూసెను. తుదకు ఆ కుండ గోడ నా కూజా గోడలో సగము లేదు. గడ్డి, పిడకలు కప్పి కాల్చిన ఆ కుండ గుల్లగా నుండుటచే నీరు పైకి చెమర్చి, ఆఱుచు, లోపలి నీటిని చల్లబఱచును. ఱాతివలె గట్టిపడిన నా కూజా ఆ పని చేయజాలదు.

తన కొడుకులు ఈ పనిలో లేరని ఆయన చెప్పెను. స్టీలు, ప్లాస్టికు వచ్చిన పిమ్మట కుండ కొనువారు తగ్గిరి. మట్టి తెచ్చుకొను చెఱువులు కూడ మునుపటివలె లేవు. ఆయన చేతిలోని విద్య ఏ పుస్తకమునను లేదు.

మన పట్టణములలోను నేడు తీరికవేళ మట్టి పట్టుటకు ఉత్సాహపడువారు పెరుగుచున్నారు. సంతోషమే. కాని న్యూజీలాండు క్లబ్బును చూచి అట్లే దింపుకొన్నచో చాలదు. అచ్చట కుమ్మరులు లేనందున పదిమంది కూడి కుమ్మరులైరి. ఇచ్చట కుమ్మరులున్నారు. మనము పదిమందిమి కూడి ఒక కొట్టము, రెండు సారెలు, ఒక ఆవము ఏర్పఱచుకొన్నచో, మొదటి గురువుగా సమీపగ్రామపు కుమ్మరిని పిలువవలెను. పిలిచి ఊరక చూపుమనరాదు. మన యితర గురువులకెంత యిత్తుమో ఆయనకును అంత యీయవలెను. వేడుకకు చేసిన ప్రమిదలను, కూజాలను ఆయన ధరకన్న తక్కువకు సంతలో అమ్మరాదు. అది ఆయన కుండపై మన గుదియ పెట్టు అగును. ఆయన కూడ మన ఆవమున తన పాత్రలు కాల్చుకొనుటకు స్థలముండవలెను. చిట్టాలో ఆయన పేరు మొదట నుండవలెను.

ఉమ్మడి ఆవము నాకు నేర్పినది ఒక్కటే. నా పాత్ర ప్రక్క ఎవరి పాత్ర యున్నదో చూచి మఱి తలుపు మూయవలెను. ఆ కుమ్మరి వృద్ధుని వద్ద ఇప్పుడు నెలకు రెండు దినములు నేర్చుకొనుచున్నాను. నా కుండలు ఇంకను బరువే. చెక్క దెబ్బకు ఇంతవఱకు తొమ్మిదింటికి అడుగులు చిల్లులు పడినవి. పదియవదాని మట్టి నేటి ఉదయమే నానబెట్టి వచ్చితిని.